గ్రంథాలయంలో కథల గంట: బొమ్మ కథలోంచి పుట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవుల్లోనూ, నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లోనూ జిల్లా పేజీల్లో ఏటా ఒకే రకం ఫొటోలు వస్తాయి. వక్తృత్వం, వ్యాసరచన, క్విజ్, చిత్రలేఖనం, చివర్లో బహుమతి ప్రదానం. వీటిలో పాల్గొనేది కాస్త చదవనూ రాయనూ వచ్చిన పిల్లలే. అక్షరాలింకా పూర్తిగా రాని మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు అక్కడ పనేమీ ఉండదు. కొన్నిచోట్ల ఇప్పుడు కథల గంట పేరుతో వాళ్ళనూ పిలుస్తున్నారు. సంతోషమే. కానీ చాలా సభల్లో కథ అయిదు నిమిషాల్లో ముగిసిపోయి, కత్తిరింపులూ అతికింపులూ మిగతా సమయమంతా తినేస్తున్నాయి. పిల్లాడు ఇంటికి మెరుపు కాగితం టోపీతో వెళ్తాడు. ఏం కథ విన్నావురా అంటే బిక్కమొహం వేస్తాడు. ఆ టోపీకీ కథకూ సంబంధం లేదు మరి.

పిల్లల చేత చేయించే బొమ్మ కథలోంచి పుట్టాలి. చేశాక అదే బొమ్మతో ఆ కథను మళ్ళీ చెప్పుకోగలగాలి. ఈ రెండూ కుదరని చేతిపని ఎంత అందంగా ఉన్నా కథల గంటలో పెట్టకపోవడమే మేలు. ఇది ఆచరణలో ఎలా ఉంటుందో, ఎక్కడ చెడుతుందో తెలియడానికి ఒక సభను మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాం. శాఖా గ్రంథాలయాల వారికీ, అపార్టుమెంటుల్లో చిన్న గ్రంథాలయాలు నడిపే వారికీ పనికొస్తుందని ఆశ.

థీమ్ అంటే చాలామంది అలంకారం అనుకుంటున్నారు. చేపల థీమ్ అంటే గోడ నిండా నీలం కాగితాలు, చేప బొమ్మల టోపీలు, చేప పాటలు మూడు, చేప పుస్తకాలు నాలుగు. పుట్టినరోజు పార్టీకి అది సరిపోతుంది. కథల గంటకు థీమ్ అంటే ఒక కథ, దాన్ని ఆనుకొని ఒక చిన్న బొమ్మల పుస్తకం, ఒక బొమ్మ. అంతకు మించి పెడితే మూడేళ్ళ పిల్లకు ఏదీ మిగలదు.

మొదటి సభకు ఏడు చేపల కథను మించింది లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండకపోవడం తెలుగు పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు కదా అని దాన్ని పక్కన పెట్టకండి. ఇప్పుడు చాలా ఇళ్ళలో అది చెప్పేవాళ్ళు లేరు. పైగా ఆ కథ కట్టుబడి చూడండి. చేప, గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు, చీమ. ప్రశ్న పడేది ఏడుగురికి. చేపలూ ఏడే. అంటే ఏడుగురు పిల్లల జట్టుకు తలా ఒక పాత్ర, తలా ఒక చేప. మూడు జట్లు చేస్తే ఇరవై ఒక్కమంది. ఇద్దరు పెద్దవాళ్ళు చూసుకోగల సంఖ్య కూడా దాదాపు అంతే. అంతకన్నా ఎక్కువమంది వస్తే ఒకే సభలో కుక్కకుండా రెండో వారానికి పేర్లు రాసుకోవడం మంచిది. గడ్డిమేటు బదులు గడ్డిమోపు అనో, గొల్లవాడి బదులు పాలేరు అనో చెప్పే ఊళ్ళున్నాయి. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన మాటను దిద్దకండి.

సభ 45 నిమిషాలు. వచ్చి కూర్చోవడానికీ, కాళ్ళాగజ్జా కంకాళమ్మ లాంటి ఒక ఆటకూ 7 నిమిషాలు. అసలు కథ 10. లేచి గెంతడానికి 3. బొమ్మల పుస్తకం 5. చేతిపని 15. చేసిన బొమ్మలతో కథ మళ్ళీ చెప్పడం 5. ఈ చివరి అయిదు నిమిషాలనే అందరూ మింగేస్తారు. ఎందుకంటే చేతిపని ఎప్పుడూ అనుకున్నదానికంటే సాగుతుంది. అందుకని చేతిపని మొదలైన పదిహేనో నిమిషంలో ఎవరి చేప ఎలా ఉన్నా, చేపలు వేలాడదీసే దండెం దగ్గరికి పిలిచేయాలి. మిగిలింది ఇంటి దగ్గర పూర్తిచేసుకుంటారు.

కథ చెప్పేటప్పుడు ఏ4 సైజు అట్టల మీద ఏడు బొమ్మలు గీసి పెట్టుకోండి. గీతలు లావుగా, బొమ్మ అట్ట నిండా ఉండాలి. ఆరడుగుల దూరం నుంచి చూస్తే ఆవు ఆవులా కనిపించాలి. చెప్పవలసిన మాటలు అట్టల వెనక రాసుకోవచ్చు. అయితే ఒకటో బొమ్మ మాటలు ఒకటో అట్ట వెనక కాదు, ఏడో అట్ట వెనక ఉండాలి. కట్ట మొత్తం చేతిలో పట్టుకున్నప్పుడు చెప్పేవారికి కనిపించేది చివరి అట్ట వీపే గదా. ఒకటో అట్ట తీసి వెనక్కి పెట్టగానే దాని వీపు మనవైపు వస్తుంది, అక్కడ రెండో బొమ్మ మాటలు ఉండాలి. జపాన్‌లో వీధుల్లో కామిషిబాయి, అంటే బొమ్మల అట్టల కథలు, చెప్పేవాళ్ళు వాడిన పద్ధతే ఇది. బొమ్మను చూపించడానికి చెయ్యి మెలితిప్పనక్కర్లేదు, పిల్లల కళ్ళలోకి చూస్తూ చెప్పవచ్చు.

ఎందుకు ఎండలేదు, ఎందుకు మేయలేదు అనే ప్రతి ప్రశ్న తర్వాత మనసులో మూడు లెక్కపెట్టి ఆగండి. ఆ ఖాళీలోనే పిల్లలు జవాబు అందుకుంటారు. చెప్పేవాళ్ళు కంగారులో ప్రశ్నా జవాబూ తామే చెప్పేస్తే అది ఉపన్యాసం అవుతుంది. మొదటిసారి చీమ దాకా వెళ్ళేసరికి పిల్లలు వింటూ ఉంటారంతే. రెండోసారి, అంటే తిరుగు ప్రయాణంలో, చీమ నుంచి చేపకు వెనక్కి చెప్పినప్పుడు గొంతు కలుపుతారు. కాబట్టి వెనక్కి చెప్పడం మానకూడదు.

చెప్పేవారు కిటికీకి వీపు పెట్టి కూర్చోకూడదు. వెలుగు వెనక నుంచి వస్తే మొహం, బొమ్మ రెండూ నల్లగా కనిపిస్తాయి. గోడకు వీపు ఆనించి, పిల్లల్ని అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. కత్తెరలు, రంగులు, కాగితాలు కథ అయ్యేదాకా మూతవేసిన బుట్టలో, వాళ్ళకు కనపడని చోట ఉండాలి. రంగుల డబ్బా ఎదురుగా ఉంటే అవ్వ బువ్వ పెట్టిందో లేదో ఎవరికీ పట్టదు.

ఇక చేప. జిగురు అక్కర్లేని చేప ఒకటుంది. మొదటి సభకు అదే తగినది. మామూలు చార్టు కాగితం 22 అంగుళాలు, 28 అంగుళాలు ఉంటుంది. 22 అంగుళాల వైపును సగానికి కోసి, 11 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పుతో పట్టీలు కోస్తే ఒక్కో సగంలో 18, చార్టుకు 36 పట్టీలు వస్తాయి. ఇరవై ఒక్కమందికి ఒక చార్టు చాలు. మిగిలిన పదిహేను చినిగిన వాటికీ, తల్లిదండ్రులకూ. తల్లిదండ్రులకు ఎందుకో తర్వాత చెబుతాం.

పట్టీకి ఒక కొస నుంచి అంగుళం లోపలికి పై అంచు నుంచి ఒక గాటు, రెండో కొస నుంచి అంగుళం లోపలికి కింది అంచు నుంచి ఒక గాటు. గాటు లోతు పట్టీ వెడల్పులో సగం కన్నా పిసరంత ఎక్కువ. పట్టీని వంచి ఒక గాటులో మరో గాటు దూర్చితే చేప తయారు. గుండ్రంగా ఉన్నది ఒళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన రెండు కొసలూ తోక. రెండు గాట్లూ ఒకే అంచు నుంచి పెడితే ఎంత దూర్చినా పట్టదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. గాటు సగానికి తక్కువైతే జారిపోతుంది, బాగా ఎక్కువైతే తోక చినిగిపోతుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు గాట్లు ముందే పెట్టి ఇవ్వండి. అయిదారేళ్ళ వాళ్ళకు పెన్సిలు గీత గీసి ఇస్తే వాళ్ళే కత్తిరిస్తారు. ఈ వయసులో తిన్నని చిన్న గీత మీద కత్తెర నడుస్తుంది, వంపుల మీద నడవదు. చేప ఆకారం గీసి ఇచ్చి కత్తిరించమంటే ముందు తోక, ఆ తర్వాత ఓపిక తెగిపోతాయి.

చార్టు షాపులో చుట్టగా చుట్టి ఇస్తారు. పట్టీ పొడవు ఆ చుట్ట వంపు వెంట వచ్చేలా కొలుచుకుంటే చేప సులువుగా వంగుతుంది, అడ్డంగా కోస్తే పట్టీ మొండికేసి విప్పుకుంటుంది. పతంగుల కాగితం మరీ మెత్తన, నిలబడదు. పాత ఫైలు అట్టలు మరీ మందం, వంచినచోట విరుగుతాయి.

కన్ను, పొలుసులు పట్టీ చదునుగా ఉన్నప్పుడే గీయించాలి. ముడిచాక గీస్తే పెన్ను ఒత్తిడికి చేప నలిగిపోతుంది. అయితే ఇక్కడొక చిక్కు. చదును పట్టీ మీద పిల్లలు కన్నును కొస దగ్గర పెడతారు, ఎందుకంటే తల కొసనే ఉంటుందని వాళ్ళ లెక్క. ముడవగానే ఆ కన్ను తోక మీదికి వెళ్తుంది. పట్టీ నడిమధ్యన ముందే ఒక చుక్క పెట్టి, ఇది నోరు, కన్ను దీని పక్కన అని చెప్పాలి. చెప్పినా ఒకరిద్దరికి కన్ను తోకమీదే వస్తుంది. రానివ్వండి, కొంపలేం మునగవు.

జట్టుకొక దండెం. కిటికీ ఊచ నుంచి కుర్చీకి పురికొస కట్టి, పిల్లల ఛాతీ ఎత్తున ఉంచండి. తలకూ మెడకూ తగిలే ఎత్తున కడితే పరిగెత్తే పిల్లలకు ప్రమాదం. బట్టల క్లిప్పులు రెండు డజన్లు సరిపోతాయి. క్లిప్పు నొక్కి తెరవడం బొటనవేలికీ చూపుడువేలికీ మంచి కసరత్తు, రేపు పెన్సిలు పట్టుకునేది ఆ వేళ్ళే. మరీ బిగువైన స్ప్రింగు ఉన్న క్లిప్పులు కొనకండి, మూడేళ్ళ వేళ్ళకు లొంగవు.

అందరూ నాదే ఎండని చేప అని తగువుకు దిగడం ఖాయం. ఎండని చేపకు ప్రత్యేకమైన రంగు ఇస్తే మిగతా ఆరుగురూ ఏడుస్తారు. అందుకని చేపను కాదు, క్లిప్పును మార్చండి. ఆరు ఏ రంగువైనా, ఒకటి మాత్రం నీలం. నీలం క్లిప్పు ఎవరి చేపకుంటే ఆ చేప ఎండలేదు. ఒక విడత చెప్పాక క్లిప్పు పక్క చేపకు మారుతుంది. అలా జట్టులో ఒక్కొక్కరూ కథ అడుగుతారు, ఒక్కొక్కరూ జవాబు చెబుతారు. అయిదు నిమిషాల్లో రెండు విడతలు అవుతాయి. మిగతావి ఇంటి దగ్గర అమ్మమ్మను కూర్చోబెట్టుకొని చేసుకుంటారు. మొత్తం పథకానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి. ఈ చేపను పైనుంచి వదిలితే గిరగిరా తిరుగుతూ పడుతుంది. అది పిల్లలకు చివర్లో మాత్రమే చూపించండి. ముందే తెలిస్తే కథ అక్కడితో సరి.

కత్తెరలు ఏడు ఉంటే చాలు, మొన మొద్దుగా ఉన్నవి. ఒకే బల్ల దగ్గర, కూర్చొని మాత్రమే వాడాలి. ఇచ్చేటప్పుడు ఏడు, తీసుకునేటప్పుడు ఏడు లెక్కపెట్టాలి. ఎడమచేత్తో కత్తిరించే పిల్లను కుడిచేతికి మార్చమనకండి, మామూలు కత్తెర ఎడమచేతిలో సరిగా తెగదు కాబట్టి ఆ పిల్లకు గాట్లు పెట్టిన పట్టీ ఇవ్వండి.

ఇప్పుడు తల్లిదండ్రుల సంగతి. పక్కన కూర్చున్న అమ్మో నాన్నో ప్రేమకొద్దీ చేపను తామే చేసిపెడతారు. పిల్లలు చూస్తూ కూర్చుంటారు. వద్దని చెబితే నొచ్చుకుంటారు. వాళ్ళ చేతికీ ఒక పట్టీ ఇచ్చి, మీ చేప మీరు చేయండి అంటే గొడవ ఉండదు. తమ్ముణ్ణి తీసుకొచ్చిన ఎనిమిదేళ్ళ అక్కకు దండెం పట్టుకునే పని, క్లిప్పులు పంచే పని అప్పగించండి. పని లేకపోతే ఆ పిల్లే తమ్ముడి చేప లాక్కుంటుంది. నిర్వాహకులు నమూనాగా చూపే చేప కూడా మరీ నైసుగా ఉండకూడదు. దాన్ని చూసిన పిల్లలు నాకు రాదు, నువ్వే చెయ్యి అని పట్టీ మన చేతిలో పెట్టేస్తారు.

తర్వాతి సభలకు జిగురు అవసరమవుతుంది. మైదా బంక చవక, నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేదు. ఒక గ్లాసు మైదాను ఒక గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు గ్లాసుల నీళ్ళలో పోస్తూ సన్నని సెగ మీద కలియబెడితే రెండు మూడు నిమిషాల్లో చిక్కబడుతుంది. వేడినీళ్ళలో పొడి మైదా వేస్తే ఉండలు కడుతుంది. గోడ పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల బంకలో చిటికెడు కూడా వేయకూడదు. అందుకే ఏ పూటకాపూట కాచుకోవాలి. ఎండాకాలంలో మర్నాటికి పులుస్తుంది. బంకలో నీరు ఎక్కువ కాబట్టి పల్చని కాగితాలు ముడతలు పడతాయి. వాటికి గ్లూ స్టిక్ వాడుకోండి. మబ్బులకని దూది అంటించేచోట బంకను వేలితో కాక బ్రష్‌తో కాగితానికి రాయించి, చేతులు తుడిపించి, అప్పుడు దూది ఇవ్వాలి. లేకపోతే మబ్బు కాగితం మీద కాక వేళ్ళ మీద తేలుతుంది.

అదే కథలోని చీమతో రెండో వారం సభ నడపవచ్చు. స్పాంజీ ముక్కకు నల్లరంగు పట్టించి వేలిముద్రలు మూడు వరసగా వేయిస్తే చీమ ఒళ్ళు. ఆరు కాళ్ళు, రెండు మీసాలు స్కెచ్ పెన్‌తో. కాళ్ళన్నీ మధ్య ముద్ర నుంచే రావాలి. చీమకు అలాగే ఉంటాయి. గ్రంథాలయం తారీఖు ముద్రల ఊదారంగు స్టాంపు ప్యాడు చేతికి అందుబాటులో ఉంది కదా అని వాడకండి, ఆ సిరా బట్టలకు అంటితే వదలదు. పుట్టను పెద్ద కాగితం మీద అందరికీ కలిపి ఒక్కటే గీయాలి, ఎవరి చీమ వాళ్ళు అందులోకి పంపుతారు.

బెండకాయ అచ్చులు అందరికీ తెలిసినవే, కానీ చాలాచోట్ల చెడుతున్నాయి. కోసిన వెంటనే రంగులో ముంచితే జిగట రంగును పలచన చేసి, పువ్వు అలుక్కుపోతుంది. గంట ముందు కోసి ఆరనివ్వాలి, లేదా గుడ్డతో గట్టిగా తుడవాలి. తొడిమ వైపు లావుగా ఉండే భాగమే పట్టుకోవడానికి వీలు. రంగులో ముంచనివ్వకుండా, పళ్ళెంలో తడి స్పాంజీ మీద చిక్కటి పోస్టర్ కలర్ వేసి అద్దించండి.

వానాకాలం సభకు పడవ. ఏ4 కాగితంతో పడవ మడవడం అయిదేళ్ళ లోపు చేతులకు లొంగదు. సగం మడతలు మనం వేసిచ్చి, చివరి రెండూ వాళ్ళ చేత వేయిస్తే చాలు. మడవకముందే అడుగుభాగం మీద కొవ్వొత్తి గట్టిగా రుద్దిస్తే నీళ్ళలో మరికాసేపు నిలుస్తుంది. నీళ్ళ టబ్బు బయట, వసారాలో. పుస్తకాల గదిలో టబ్బు పెట్టిన రోజు లైబ్రేరియన్ గారు మళ్ళీ మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వరు, అది ఆయన తప్పు కాదు.

నీడబొమ్మలు పెద్ద థీమ్. తోలుబొమ్మలాట పుట్టి పెరిగిన నేల మనది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. పిల్లలకు మేకతోలు అక్కర్లేదు, పాత ఫైలు అట్ట చాలు. తెల్ల పంచె ఒకటి బిగుతుగా కట్టి, వెనక నాలుగైదు అడుగుల దూరంలో సెల్‌ఫోన్ టార్చి పెట్టండి. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్ఫుటంగా ఉంటుంది, దీపం వైపు జరిపేకొద్దీ పెద్దదవుతుంది. చీమ ఏనుగంత అయ్యే కథ అయితే ఆ పెరుగుదలే కథను నడిపిస్తుంది. పట్టుకోవడానికి కొబ్బరి ఈనెలు కాకుండా ఐస్‌క్రీం పుల్లలు వాడండి, ఈనె మొన కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది. తలుపులన్నీ మూసి చీకటి చేయొద్దు. మూడేళ్ళ వాళ్ళు జడుసుకుంటారు. ఒక తలుపు ఓరగా తెరిచినా నీడ కనిపిస్తుంది.

పండగ థీములు ఒక మాటలో. బతుకమ్మకు కాగితం పూలు చేయించే శ్రమ ఎందుకు, తంగేడు, బంతి తెచ్చి పళ్ళెంలో పెద్ద వరస కింద, చిన్న వరస పైన పేర్పించండి. రంగు అద్దిన గునుగు మాత్రం చేతులకు అంటుతుంది. సంక్రాంతికి గాలిపటం చేయిస్తే ప్రతి పిల్లా ఎగరేయమంటుంది, అది ఎగరదు, ఏడుపు మిగులుతుంది. దాని బదులు నేల మీద సుద్దముక్కతో మూడు చుక్కలు మూడు వరసల ముగ్గు.

చమ్కీ పొడి, పూసలు, చింతగింజలు, గుండీలు, అతికించే కదిలే కళ్ళు, బెలూన్లు ఈ వయసు వాళ్ళకు వద్దు. చమ్కీ కంట్లో పడుతుంది. మిగతావి గొంతులోకో ముక్కులోకో వెళ్తాయి. మూడేళ్ళు నిండని చెల్లాయి కూడా వెంట వస్తుందని గుర్తుంచుకోవాలి. థర్మోకోల్ తుంచితే గుళ్ళు గదంతా ఎగిరి వారం రోజులైనా ఊడ్చడం తెమలదు. సీలింగ్ ఫ్యాను కూడా శత్రువే. చేతిపని మొదలుపెట్టే ముందు ఫ్యాను తగ్గించకపోతే పట్టీలన్నీ అలమార కిందికి చేరతాయి.

కింద పరచడానికి పాత దినపత్రికలు భేషుగ్గా పనికొస్తాయి, మీ పత్రికతో సహా. తడి బంక తగిలితే అచ్చుసిరా చేతులకు అంటుకుంటుంది కాబట్టి బంక ఉన్న రోజు వాటి మీద ఒక తెల్లకాగితం వేయాలి. కొన్ని గ్రంథాలయాల్లో పాత పత్రికలను నెలవారీగా బైండు చేసి దాస్తారు. అడగకుండా కట్టలోంచి లాగకండి.

చోటు, వేళ గురించి చెప్పకపోతే పైవన్నీ కాగితం మీదే ఉంటాయి. ఇవాళ శాఖా గ్రంథాలయాల్లో కుర్చీలన్నీ గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, పోలీసు ఉద్యోగాలకూ చదివేవాళ్ళతో నిండి ఉంటాయి. వాళ్ళకు నిశ్శబ్దం కావాలి, అది న్యాయమైన కోరికే. ఇరవై ఒక్కమంది పిల్లలు ఎందుకు ఎండలేదు అని గొంతెత్తితే వాళ్ళు విసుక్కోరా? అందుకే వసారాలోనో చెట్టు కిందో పెట్టుకోవడం, మూడు రోజుల ముందే నోటీసు బోర్డు మీద వేళ రాయడం, 45 నిమిషాలకు ఒక్క నిమిషం దాటకుండా ముగించడం తప్పనిసరి. చాలా శాఖలకు శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటాయి. పత్రికలు చదివే పెద్దల రద్దీ పొద్దున్నే ఎక్కువ, కాబట్టి ఆదివారం పది గంటలు అనువైన వేళ. అంగన్‌వాడీలో ఉండేది సరిగ్గా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలే. ఆ టీచరుతో మాట్లాడుకుంటే నెలకొక పనిదినం ఉదయం వాళ్ళనే నడిపించుకొని రావచ్చు.

సభ ముగిశాక పుస్తకం పిల్లల చేతికి వెళ్ళాలి. బాలసాహిత్యం చాలాచోట్ల తాళం వేసిన బీరువాలో ఉంటుంది. ఆ రోజైనా పది పన్నెండు పుస్తకాలు తీసి, వీపులు కాక అట్టబొమ్మలు కనిపించేలా జంపఖానా మీద పరచండి. అక్షరాలు రానివాళ్ళు పుస్తకాన్ని ఎంచుకునేది అట్ట చూసే. పేజీకి రెండు మూడు వాక్యాలకు మించినవి ఈ వయసుకు బరువు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం ప్రచురణల్లో తగినవి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలను ఉచితంగా దించుకొని అచ్చువేసుకోవచ్చు, అయితే సెల్‌ఫోన్ తెర మీద ఇరవైమందికి చూపించబోకండి, వెనక వరసకు ఏమీ కనిపించదు. ఏ3 కాగితం మీద అచ్చు తీయించండి.

డబ్బు గురించి కొత్త పథకమేదీ అడగడం లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను ప్రతి రూపాయికీ 8 పైసల గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. చార్టులు, క్లిప్పులు, ఏడు కత్తెరలు, ఒక జంపఖానా అందులో ఏ లెక్కకూ రానివి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు: నెలకు రెండు ఆదివారాలు కథల గంట, ఆ రోజు బాలల బీరువా తెరవాలి, పిల్లల పేరున పుస్తకం ఇంటికి ఇవ్వాలి. చినిగిన పుస్తకానికి లైబ్రేరియన్ జేబులోంచి కట్టించే భయం ఉన్నంతకాలం ఆ తాళం ఊడదు, కాబట్టి ఏడాదికి కొన్ని పుస్తకాలు చినిగినట్టు రాసుకునే వెసులుబాటు కూడా ఆ ఉత్తర్వులోనే ఉండాలి. వారోత్సవాల్లో అయితే ప్రారంభ సభకు ముందు పిల్లల కార్యక్రమం పెట్టకండి. ముఖ్య అతిథి గారు గంట ఆలస్యంగా వస్తారు, నాలుగేళ్ళ పిల్లలు అంతసేపు ఆగలేరు.

మీ పత్రికకు ఒక చిన్న విన్నపం. జిల్లా పేజీలో ఆ రోజు కార్యక్రమాలు వేసే చోట కథల గంటలకూ రెండు వరసలు కేటాయించండి. ఊరు, వేళతో పాటు 3 నుంచి 6 ఏళ్ళ వారికి అని వయసు కూడా అచ్చువేయండి. వయసు వేయకపోతే పదో తరగతి పిల్లల్ని కూడా సర్టిఫికెట్ ఇస్తారేమోనని పంపిస్తారు.

ఇట్లు,
పిల్లల కథల గంటల నిర్వాహకులు కొందరు,
గుంటూరు జిల్లా